నైట్ షిఫ్ట్‌కు బయలుదేరిన మనిషి: ఈఎస్‌ఐ విచారణతో మా ఎనిమిది నెలలు

మా ఆయన చనిపోయింది 2024 నవంబర్ 14, గురువారం రాత్రి. ఈఎస్‌ఐ, అంటే కార్మికుల బీమా నుంచి మొదటి డబ్బు నా ఖాతాలో పడింది 2025 జులై 11న. మధ్యలో ఎనిమిది నెలలు. ఆ ఎనిమిది నెలల్లో నన్ను అన్నిటికన్నా ఎక్కువ భయపెట్టింది విచారణ. ఒక ఆఫీసర్ మా ఇంటికి వచ్చారు, మా వీధిలో అడిగారు, కంపెనీకి వెళ్లారు, మా ఆయన చివరి అరగంటను నిమిషం నిమిషం తిరగేశారు. ఇలా చేస్తారని నాకు ముందు ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే సగం ఏడుపు తప్పేది. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మేం రామచంద్రాపురంలో ఉంటాం. ఆయన పాశమైలారంలో ఒక కంపెనీలో కాంట్రాక్టర్ కింద మెషిన్ ఆపరేటర్. జీతం 18,500. ప్రతి నెలా పే స్లిప్‌లో ఈఎస్‌ఐ అని 139 రూపాయలు కోసేవారు. పిల్లలకు జ్వరమొస్తే డిస్పెన్సరీలో మందులిస్తారు, ఆ డబ్బు దానికే అనుకునేదాన్ని. పాపకు తొమ్మిదేళ్లు, బాబుకు ఐదు.

ఆ వారం ఆయనకు సి షిఫ్ట్. రాత్రి పదింటికల్లా లోపల ఉండాలి. ఇంటి నుంచి 15 కిలోమీటర్లు. పటాన్‌చెరు, ముత్తంగి దాటి ఇస్నాపూర్ చౌరస్తాలో తిరగాలి. తొమ్మిదీ పదికి బండి తీశారు. పదింటికి ఆయన నంబర్ నుంచే ఫోన్ వచ్చింది, మాట్లాడింది ఎవరో. ముత్తంగి దగ్గర ఏదో వాహనం గుద్ది వెళ్లిపోయిందని, 108లో ఏరియా ఆసుపత్రికి తీసుకెళ్తున్నామని చెప్పారు. మేం వెళ్లేసరికే అయిపోయింది.

మర్నాడు పోస్టుమార్టం. సాయంత్రానికి నారాయణఖేడ్ దగ్గర మా అత్తగారి ఊరికి తీసుకెళ్లాం. దినాలు అయ్యేదాకా నాకు ఏ రోజు ఏం జరిగిందో సరిగ్గా గుర్తులేదు.

నవంబర్ 27న మా తమ్ముడు, మామయ్య కంపెనీకి వెళ్లారు. కాంట్రాక్టర్ మనిషి 20,000 చేతిలో పెట్టి, ఒక కాగితం మీద సంతకం అడిగాడు. అందులో మాకు ఇక ఏ బాకీ లేదని రాసి ఉంది. మా తమ్ముడు ఇంటర్ వరకు చదివాడు, చదివి సంతకం పెట్టనన్నాడు. డబ్బు కూడా తిరిగి ఇచ్చేశాడు. ఆ రోజు ఇంట్లో చిల్లిగవ్వ లేదు. నేను వాడిని తిట్టాను కూడా. ఇప్పుడు వాడి చేతులు పట్టుకోవాలనిపిస్తుంది.

ఈఎస్‌ఐ సంగతి అడిగితే కాంట్రాక్టర్ చెప్పిన మాట ఒకటే. "గేటు బయట జరిగింది. డ్యూటీలో జరగలేదు. ఈఎస్‌ఐ రాదు." మేమూ నమ్మాం. డ్యూటీ అంటే మెషిన్ దగ్గర నిలబడ్డప్పుడే కదా అనుకున్నాం.

మా కాలనీలో యూనియన్‌లో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరున్నారు. పరామర్శకు వచ్చినప్పుడు ఆయన చెప్పారు. ఇంటి నుంచి పనికి వెళ్లే దారిలో గానీ, పని నుంచి ఇంటికి వచ్చే దారిలో గానీ ప్రమాదం జరిగితే, దానికీ ఉద్యోగానికీ సంబంధం ఉందని తేలితే, డ్యూటీలో జరిగినట్టే లెక్కట. అప్పటి ఈఎస్‌ఐ చట్టంలో 51ఈ అనే సెక్షన్, 2010 జూన్ 1 నుంచి ఉందని చెప్పారు. "కానీ అమ్మా, సంబంధం ఉందని వాళ్లు విచారించి తేల్చుకుంటారు. ఆ విచారణే నీకు ముఖ్యం" అన్నారు. ఆ రెండో మాట నా చెవికి అప్పుడు ఎక్కలేదు.

డిసెంబర్ 2, సోమవారం బ్రాంచ్ ఆఫీసుకు వెళ్లాం. కౌంటర్‌లో అమ్మాయి కంప్యూటర్‌లో ఆయన ఇన్సూరెన్స్ నంబర్ కొట్టి చూసి, "యజమాని నుంచి యాక్సిడెంట్ రిపోర్ట్ రాలేదు" అంది. ఫారం 12 అంటారు, యజమాని పంపాలి. పద్దెనిమిది రోజులైనా పంపలేదు. మా తరఫున తెల్లకాగితం మీద జరిగింది రాసి, ఎఫ్‌ఐఆర్ కాపీ జతచేసి ఇమ్మంది. అక్కడే నిలబడి మా తమ్ముడు రాశాడు, నేను సంతకం పెట్టాను. ఇంకో కాపీ మీద స్టాంపు వేయించుకున్నాం. ఆ స్టాంపు కాగితం తర్వాత మూడు సార్లు పనికొచ్చింది. ఆఫీసు నుంచి కంపెనీకి ఫోన్ వెళ్లాక, డిసెంబర్ 9న ఫారం 12 వచ్చింది.

అంత్యక్రియల ఖర్చుకు 15,000 వరకు ఇస్తారు. దానికి ఫారం 22, చనిపోయిన మూడు నెలల్లోపు పెట్టాలి. ఖర్చు పెట్టింది మామయ్య కాబట్టి ఆయన పేరు మీదే పెట్టాం. డిసెంబర్ 30న ఆయన ఖాతాలో పడింది. ఆ డబ్బుకు పెద్ద విచారణ ఏమీ జరగలేదు. దాంతో మిగతాది కూడా ఇలాగే అయిపోతుందనుకున్నాను.

మనిషి పోయిన కుటుంబానికి నెలనెలా ఇచ్చే డబ్బుకు ఫారం 15 పెట్టాలి. దానికి కాగితాలు పోగుచేయడానికి నెల పట్టింది. పోస్టుమార్టం రిపోర్టు కోసం నాలుగు సార్లు తిరిగాం, డిసెంబర్ 28న చేతికొచ్చింది. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ మీసేవలో పెడితే రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ వచ్చి అడిగి, 19 రోజులకు ఇచ్చారు. బాబు బర్త్ సర్టిఫికెట్‌లో పేరే లేదు, "మగ శిశువు" అని మాత్రమే ఉంది. పుట్టినప్పుడు ఆసుపత్రిలో ఇచ్చింది అలాగే బీరువాలో పెట్టేశాం. పేరు ఎక్కించుకోవడానికి ఇంకో వారం. మీ ఇంట్లో చిన్నపిల్లలుంటే ఇవాళే తీసి చూసుకోండి.

ఆఫీసు బయట జిరాక్స్ షాపు దగ్గర ఒకతను పదివేలిస్తే పని చేయిస్తానన్నాడు. విచారణకు వచ్చే ఆఫీసర్‌ను తాను "చూసుకుంటాను" అన్నాడు. మామయ్య ఊళ్లో అప్పు తెస్తానని లేచారు కూడా. మేం ఇవ్వలేదు. ఇచ్చుంటే ఆ డబ్బు పోయేదని ఇప్పుడు నాకు పూర్తిగా తెలుసు.

2025 జనవరి 6న ఫారం 15 ఇచ్చాం. తర్వాత 23 రోజులు ఏమీ లేదు. జనవరి 29న మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. "మీ క్లెయిమ్ విచారణ నాకు అప్పగించారమ్మా. ఇంటికి వస్తాను. పిల్లలు, అత్తమామలు ఉండే రోజు చెప్పండి." అందరూ ఈఎస్‌ఐ ఇన్‌స్పెక్టర్ అంటారు గానీ ఆయన కార్డు మీద సోషల్ సెక్యూరిటీ ఆఫీసర్ అని ఉంది.

ఫిబ్రవరి 4, మంగళవారం ఉదయం పదకొండుకు వచ్చారు. యాభై ఏళ్లుంటాయి. బండి మీద ఒక్కరే వచ్చారు, చేతిలో ఫైలు. టీ పెడతానంటే వద్దని మంచినీళ్లు మాత్రం తాగారు. ఫొటోకు దండ చూసి ఒక్క క్షణం ఆగి, కింద చాప మీదే కూర్చున్నారు. కుర్చీ వేసినా కూర్చోలేదు.

మొదటి ప్రశ్నలు మామూలువే. పెళ్లి ఎప్పుడైంది, ఎక్కడైంది, పిల్లలు ఏం చదువుతున్నారు. తర్వాత అడిగారు, "మీకు గానీ ఆయనకు గానీ ఇంతకుముందు పెళ్లి ఏమైనా అయిందా?" అత్తమ్మ, మామయ్య, తమ్ముడు అందరూ చూస్తున్నారు. పెళ్లై పదకొండేళ్లైంది, ఆ మాట నన్ను ఎవరూ అడగలేదు. నా ముఖం వేడెక్కింది. లేదని చెప్పాను. "ఆయనకు వేరే పిల్లలు?" లేరు. "ఆయన సంపాదన మీద ఇంకెవరైనా బతికేవారా?" ఈ ప్రశ్నకు అత్తమ్మ ముందే అందుకుంది. "మేం బతికాం సారూ. నెలకు మూడు వేలు పంపేవాడు." ఆయన తలూపి రాసుకున్నారు, ఇంకేమీ అనలేదు. దాని సంగతి తర్వాత చెబుతాను.

ఇక ఆ రాత్రి గురించి మొదలుపెట్టారు.

ఎన్నింటికి బయలుదేరారు? తొమ్మిదీ పది. ఎలా చెప్పగలరు? పాపకు లెక్కలు చెప్తూ గడియారం చూసి "ఇంక నేను పోవాలి" అన్నారు. రోజూ అదే టైమా? సి షిఫ్ట్ అయితే అదే. ఏ బట్టలు వేసుకున్నారు? నీలం చొక్కా, కంపెనీది. చెప్పులా, బూట్లా? బూట్లు. ఐడీ కార్డు? మెడలో వేసుకుని చొక్కా లోపలికి తోసుకుంటారు. ఆ రోజు వేసుకున్నారా? ఏమో సార్, నేను చూడలేదు. భోజనం ఇంట్లో చేశారా, తీసుకెళ్లారా? తీసుకెళ్లారు. ఏం పెట్టారు?

నాకు అక్కడ కోపమొచ్చింది. ఇంతసేపూ ఆపుకున్నది ఒక్కసారిగా పొంగింది. "ఆయన ఏం తినబోయాడో మీకెందుకు సార్? మనిషే లేడు. అన్నం పెట్టానో లేదో కూడా రాసుకుంటారా?" అన్నాను. ఏడ్చాను. పాప లోపలి గదిలోంచి పరుగెత్తుకొచ్చింది. మా తమ్ముడు "అక్కా, అక్కా" అంటున్నాడు.

ఆయన కలం మూసి కింద పెట్టారు. నేను ఏడవడం ఆపేదాకా ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఫైలులోంచి పోలీసుల పంచనామా జిరాక్స్ తీసి, ఒక లైను మీద వేలుపెట్టి మా తమ్ముడికి చూపించారు. సంఘటనా స్థలంలో దొరికిన వస్తువుల జాబితా అది. స్టీలు క్యారేజీ ఒకటి, మూడు గిన్నెలది, అన్నం, పప్పు, బెండకాయ కూరతో. నీలం చొక్కా. మెడలో కంపెనీ గుర్తింపు కార్డు.

"అమ్మా, మీ ఆయన డ్యూటీకే వెళ్తున్నాడని నేను రాయాలి. నా అభిప్రాయం రాస్తే చెల్లదు, రుజువు రాయాలి. ఊరికే తిరగడానికి వెళ్లే మనిషి మూడు గిన్నెల క్యారేజీ పట్టుకెళ్లడు. పోలీసులు ఏం రాశారో మీకు తెలియదు. మీరు చెప్పిందీ, అందులో ఉన్నదీ ఒకటే అయితే అదే మీకు బలం."

"పప్పు, బెండకాయ వేపుడు, పెరుగు" అన్నాను. పంచనామాలో పెరుగు లేదు. ఒలికిపోయి ఉంటుంది. ఆయన పెరుగు కూడా రాసుకున్నారు.

ఆ జాబితా నేను అంతకుముందు చదవలేదు. ఎఫ్‌ఐఆర్, పంచనామా అన్నీ నా దగ్గరే ఉన్నాయి. విప్పి చదివే ధైర్యం లేక కవర్లో పెట్టి ఉంచాను. ఆ రాత్రి కూర్చుని అన్నీ చదివాను. చదవడం కష్టమే. కానీ విచారణకు ముందే చదివి ఉంటే ఆ ప్రశ్న నన్ను అంత గాయపరిచేది కాదు.

నా వాంగ్మూలం తెలుగులోనే రాసి, చదివి వినిపించి, ప్రతి పేజీ కింద సంతకం పెట్టించుకున్నారు. "తొమ్మిదీ పదికి" అన్నచోట "సుమారు" అని చేర్చమన్నాను, చేర్చారు. వెళ్తూ కింద కిరాణా కొట్టు దగ్గర, పక్కింటి వాళ్ల దగ్గర ఆగారు. ఇది నాకు చాలా కష్టంగా అనిపించింది. సాయంత్రానికి వీధంతా "మీ ఆయన గురించి ఎవరో ఆఫీసర్ అడుగుతున్నాడట, ఏమైంది?" అన్నారు. తాగేవాడా, భార్యాభర్తలు కలిసే ఉండేవారా, ఆ రాత్రి బండి తీయడం ఎవరైనా చూశారా అని అడిగారట. కొట్టు ఆంటీ "పండగకు తాగుతాడు" అని చెప్పిందట. నాలుగు రోజులు ఆమెతో మాట్లాడలేదు. కానీ బండి తీయడం చూశానని సాక్ష్యం చెప్పింది కూడా ఆమే. ఆ రాత్రి పాల ప్యాకెట్ బాకీ ఇచ్చి వెళ్లారట. నాకు తెలియదు.

ఫిబ్రవరి 6న ఆఫీసర్ గారు కంపెనీకి వెళ్లారు. అక్కడ మాకు తెలియని పెద్ద చిక్కు బయటపడింది. కాంట్రాక్టర్ హాజరు పుస్తకంలో నవంబర్ 14న ఆయన పేరు ఎదురుగా సెలవు అని ఉంది. సెలవు పెట్టిన మనిషి దారిలో పోతే అది డ్యూటీ ప్రయాణం ఎలా అవుతుంది? ఆ ఒక్క మాటతో మా క్లెయిమ్ మొత్తం పోయేదే. ఆఫీసర్ గారు ఫోన్ చేసి, "మీ ఆయన సెలవు పెట్టాడా?" అని సూటిగా అడిగారు. నాకు కాళ్లు వణికాయి. లేదు సార్ అన్నాను. "సెలవు చీటీ చూపించమంటే వాళ్ల దగ్గర లేదు. రాని వాళ్లందరికీ నెలాఖరున అలా రాసేస్తామంటున్నారు. షిఫ్ట్ లిస్టు ఎవరి దగ్గరైనా దొరుకుతుందా చూడండి" అన్నారు.

మా ఆయనతో పనిచేసే అబ్బాయి ఒకడు దినాలకు వచ్చాడు, నన్ను వదినా అని పిలుస్తాడు. అతని ఫోన్‌లో షిఫ్ట్ వాళ్ల వాట్సాప్ గ్రూపు ఉంది. నవంబర్ 10, ఆదివారం సాయంత్రం సూపర్‌వైజర్ పెట్టిన ఫొటో, ఆ వారం సి షిఫ్ట్ పేర్లు. మా ఆయన పేరు నాలుగోది. 14న రాత్రి పదీ ఇరవైకి అదే గ్రూపులో సూపర్‌వైజర్ "ఇంకా రాలేదు, ఎక్కడున్నాడు?" అని అడిగిన మెసేజ్ కూడా ఉంది. సెలవులో ఉన్న మనిషిని ఎవరూ అలా అడగరు.

కానీ ఆ అబ్బాయి సాక్ష్యం చెప్పడానికి భయపడ్డాడు. ఉద్యోగం పోతుందని భయం. నేను బలవంతం చేయలేకపోయాను, వాడికీ పిల్లలున్నారు. ఆ మాట ఆఫీసర్ గారికి చెబితే, కంపెనీకి పిలవకుండా, ఆదివారం వాడి గదికే వెళ్లి వాంగ్మూలం తీసుకున్నారు. అంతకుముందు మూడు రోజులు, 11, 12, 13 తేదీల్లో మా ఆయన రాత్రి పూట వేలిముద్ర వేసి లోపలికి వెళ్లిన రికార్డు కంపెనీ మెషిన్ నుంచి ఆయనే తెప్పించుకున్నారు. అది మా వల్ల అయ్యే పని కాదు. మేం అడిగితే ఎవరూ ఇచ్చేవారు కాదు.

ఫిబ్రవరి 11 రాత్రి తొమ్మిదికి మళ్లీ వచ్చారు, దారి చూడాలన్నారు. మా తమ్ముడు ముందు బండి మీద, ఆయన వెనక. తొమ్మిదీ పదికే మా గేటు నుంచి బయలుదేరారు. నేను మెట్ల మీద నిలబడి చూశాను. రెండు బండ్ల ఎర్ర లైట్లు మలుపు తిరిగేదాకా చూసి లోపలికి వెళ్లి తలుపేసుకున్నాను. ఆ రాత్రి ఎలా గడిచిందో రాయలేను.

ప్రమాదం జరిగిన చోటికి పద్దెనిమిది నిమిషాలు పట్టిందని తమ్ముడు చెప్పాడు. ఇక్కడ రెండో చిక్కు. ప్రమాదం హైవే మీద కాదు, పక్కన సర్వీస్ రోడ్డులో జరిగింది. రోజూ వెళ్లే దారి హైవే. మరి కిందికి ఎందుకు దిగారు? పైగా ఎఫ్‌ఐఆర్‌లో 9:40 అని ఉంది, లెక్క ప్రకారం 9:28కే అక్కడ ఉండాలి. మధ్యలో పన్నెండు నిమిషాలు ఎక్కడున్నారు? ఎవరినైనా కలవడానికి వెళ్లారా? స్వంత పని మీద దారి మళ్లితే అక్కడ తెగిపోతుందట సంబంధం.

ఆయన ఎవరిని కలుస్తారో నాకు తెలుసనుకున్నాను. కానీ ఆ పన్నెండు నిమిషాల గురించి నా దగ్గర ఏ జవాబూ లేదు. ఒక వారం నిద్ర పోలేదు. తప్పుగా అనుకోకండి, ఒక రాత్రి నాకే అనుమానం వచ్చింది. పదకొండేళ్లు కాపురం చేసిన మనిషి మీద, చనిపోయాక అనుమానం. దానికి ఫొటో ముందు కూర్చుని క్షమించమని అడిగాను.

జవాబు మా ఆయన సిమ్‌లో దొరికింది. ఫోన్ స్క్రీన్ పగిలిపోయి ఉంది, డిసెంబర్‌లో స్టేషన్ వాళ్లు తిరిగి ఇచ్చారు. బాగుచేయాలంటే 1,800 అన్నారు, తర్వాత చూద్దామని పక్కన పెట్టాం. ఫిబ్రవరి 17న తమ్ముడు ఆ సిమ్ తీసి తన ఫోన్‌లో వేసి, ఓటీపీతో ఫోన్‌పే తెరిచాడు. చివరి ఎంట్రీ: నవంబర్ 14, రాత్రి 9:31, 200 రూపాయలు, పెట్రోల్ బంకు. ముత్తంగి సర్వీస్ రోడ్డులో ఉన్న బంకు. ప్రమాదం జరిగిన చోటికి మూడు వందల మీటర్లు కూడా లేదు.

పెట్రోల్ కొట్టించుకోవడానికి దిగారు. అంతే. పనికి వెళ్లే బండికి పెట్రోల్.

మర్నాడు ఆఫీసర్ గారికి ఆ స్క్రీన్ ఫొటో పంపితే బ్యాంకు స్టేట్‌మెంట్ కూడా తెమ్మన్నారు, రెండూ కలిపి పెట్టారు. 9:40 అన్నది దారిన పోయే మనిషి చూసి 108కు ఫోన్ చేసిన టైమ్ అని, ప్రమాదం అంతకు కొద్ది నిమిషాల ముందే జరిగిందని ఆ మనిషి వాంగ్మూలం నుంచి ఆయనే తేల్చారు. ఇంట్లో ఎవరైనా ఇలా పోతే, వాళ్ల సిమ్ మాత్రం వెంటనే ఆపించకండి. రీచార్జ్ చేసి ఉంచండి. మేం అత్తమ్మ బతిమాలిందని ఉంచాం. కొడుకు నంబర్‌కు రింగ్ అయితే చాలు అనేది.

ఫిబ్రవరి 24న రిపోర్టు పంపేశానని ఆయన చెప్పారు. ఏం రాశారని అడిగాను. "నేను చూసింది రాశానమ్మా. నిర్ణయం పైవాళ్లది" అన్నారు. అనుకూలమా కాదా అని కూడా చెప్పలేదు.

అక్కడి నుంచి మళ్లీ వెయిటింగ్. మార్చి అంతా ఏమీ లేదు. పోస్టుమార్టం అప్పుడు తీసిన నమూనాల ల్యాబ్ రిపోర్టు రావాలన్నారు. అది ఏప్రిల్ 9న వచ్చింది, మద్యం ఆనవాళ్లు లేవు. కొట్టు ఆంటీ మాట అప్పటిదాకా నా గుండెల్లో రాయిలా ఉంది. మే 13న ఒక ఉత్తరం: ఆధార్‌లో ఆయన ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఈఎస్‌ఐ రికార్డులో ఒక అక్షరమే ఉంది, ఇద్దరూ ఒక్కరేనని అఫిడవిట్ ఇవ్వండి. కాంట్రాక్టర్ చేర్పించినప్పుడు చేసిన తప్పు. నోటరీకి 300. పోతూ వస్తూ ఆటోలు, నా కుట్టుమిషన్ పని పోయిన ఒక రోజు కూలి.

ఎనిమిది నెలల ఖర్చు నోట్‌బుక్‌లో రాసిపెట్టాను. సర్టిఫికెట్లు, జిరాక్స్‌లు, నోటరీ, ఆటోలు, ఊరికి బస్సులు కలిపి 6,450. లంచం అని ఎవరికీ ఒక్క రూపాయి ఇవ్వలేదు. ఎక్కువ పోయింది డబ్బు కాదు, రోజులు. బ్లౌజులు కుట్టేదాన్ని, 27 రోజులు మిషన్ ముట్టుకోలేదు.

జూన్ 17న ఒప్పుకున్నట్టు ఉత్తరం వచ్చింది. ఉద్యోగ సంబంధమైన ప్రమాదంగా అంగీకరించారు. ఉత్తరం ఇంగ్లీషులో ఉంది, తమ్ముడు చదివి అర్థం చెబుతుంటే మామయ్య బయటికి వెళ్లి నిలబడ్డారు.

లెక్క ఇలా కట్టారు. సగటు రోజు జీతంలో 90 శాతం. కానీ ఏ జీతం? ఆయన చివరి జీతం కాదు. జులై నుంచి డిసెంబర్ మధ్య ప్రమాదం జరిగితే, దాని ముందటి అక్టోబర్ నుంచి మార్చి వరకు వచ్చిన జీతాలు చూస్తారు. ఏప్రిల్‌లో పెరిగిన జీతం లెక్కలోకి రాలేదు. సగటు రోజుకు 580, అందులో 90 శాతం 522. ఆ 522 మా ముగ్గురికి పంచుతారు. భార్యకు ఐదులో మూడు వంతులు, ఒక్కో బిడ్డకు ఐదులో రెండు వంతులు. కలిపితే మొత్తం కన్నా ఎక్కువవుతుంది కాబట్టి అదే నిష్పత్తిలో తగ్గిస్తారు. నెలకు నాకు సుమారు 6,700, పిల్లలకు చెరో 4,470. బాబుకు 25 ఏళ్లు వచ్చేదాకా, పాపకు పెళ్లయ్యేదాకా. నాకు బతికున్నంత కాలం, మళ్లీ పెళ్లి చేసుకోకపోతే.

చనిపోయిన రోజు నుంచీ కట్టి ఇచ్చారు. జులై 11న జూన్ నెలాఖరు వరకు బకాయి అందరిదీ కలిపి సుమారు 1,19,500 పడింది. పిల్లల వాటా కూడా వాళ్ల గార్డియన్‌గా నాకే వస్తుంది.

అత్తమామలకు ఏమీ రాలేదు. భార్య, పిల్లలు ఉంటే తల్లిదండ్రులకు వాటా లేదట. ఫిబ్రవరిలో అత్తమ్మ "మూడు వేలు పంపేవాడు" అన్నప్పుడు ఆఫీసర్ గారు ఎందుకు మౌనంగా రాసుకున్నారో నాకప్పుడు అర్థమైంది. ఉత్తరంలో తన పేరు లేదని తెలిశాక అత్తమ్మ రెండు రోజులు అన్నం తినలేదు. "వాణ్ని కన్నది నేను. కాగితంలో నేను లేను" అంది. ఈ మాట నాకు ఎప్పటికీ మరుపు రాదు. విచారణ ఎంత న్యాయంగా జరిగినా, ఆ రూలు నాకు నచ్చలేదు. కొడుకు పంపే డబ్బు మీద బతికే ముసలివాళ్లు ఎంతమంది ఉంటారు. నేను ప్రతి నెలా రెండు వేలు అత్తమ్మ ఖాతాలో వేస్తున్నాను. ఆమె మొదట వద్దంది. పాప ఫోన్ చేసి "నాన్న పంపినట్టే నాయనమ్మా" అంటే తీసుకుంది.

డబ్బు పడిన రోజు ఆఫీసర్ గారికి ఫోన్ చేశాను. ఎత్తలేదు. సాయంత్రం ఆయనే తిరిగి చేశారు. చెప్పాను. "మంచిదమ్మా. లైఫ్ సర్టిఫికెట్ మర్చిపోకుండా ఇస్తూ ఉండండి, లేకపోతే ఆగిపోతుంది" అన్నారు. మొదటిసారి ఫారం నింపేటప్పుడు, నేను బతికే ఉన్నాను, మళ్లీ పెళ్లి చేసుకోలేదు అని రాసి సంతకం పెట్టాను. కలం కాసేపు కదల్లేదు.

గుద్దిన వాహనం ఏదో ఇప్పటికీ దొరకలేదు. గుర్తు తెలియని వాహనం గుద్ది చనిపోతే ఇచ్చే రెండు లక్షల పరిహారానికి వేరే దరఖాస్తు పెట్టాం, దానికి రెవెన్యూ వాళ్ల విచారణ ఉంటుంది. వచ్చే మంగళవారం రమ్మన్నారు. ఈసారి పంచనామా, ఫోన్‌పే కాగితం, బ్యాంకు స్టేట్‌మెంట్ అన్నీ ముందే చదివి, వరసగా పెట్టి, రెండేసి కాపీలు తీసుకున్నాను. క్యారేజీ ఇంకా స్టేషన్‌లోనే ఉంది. దానికీ ఒక అర్జీ రాసి పెట్టాను, అదే రోజు ఇచ్చి వస్తాను.